చెన్నై సీజన్: తప్పక చూడాల్సినవి, వీలైతే వినాల్సినవి

డిసెంబరు వచ్చిందంటే చెన్నై పత్రికలన్నీ ఒకే పని పెట్టుకుంటాయి. ఈ సీజన్‌లో తప్పక వినాల్సిన కచేరీలివీ అని జాబితాలు అచ్చేస్తాయి. అందులోని పేర్లు నిరుడూ ఉన్నవే, ముందటేడూ ఉన్నవే. జాబితా అచ్చయ్యేనాటికి ఆ కచేరీలకు టికెట్లు అయిపోయి ఉంటాయి. అయినా సిఫార్సు సిఫార్సే. దొరకనిదాన్ని సిఫార్సు చేయడంలో రాసేవాడికి గొప్ప భద్రత ఉంది. విన్నవాడు డబ్బు పెట్టాడు కాబట్టి బాగుందనే అంటాడు. విననివాడు బాగులేదని అనలేడు.

ఈ కాలమ్ మాత్రం దొరికేవాటినే సిఫార్సు చేస్తుంది. అదీ బెజవాడలోనో గూడూరులోనో రైలెక్కి సెంట్రల్‌లో దిగే తెలుగు రసికుడి కోసం. డిసెంబరు 15 నుంచి జనవరి 1 దాకా అతగాడి ముందు మ్యూజిక్ అకాడమీ ఉంటుంది, నారద గాన సభ ఉంటుంది, కృష్ణ గాన సభ, వాణీ మహల్, 1900లో పుట్టి వీటన్నిటికీ పెద్దమ్మ వరసయ్యే పార్థసారథి స్వామి సభ ఉంటాయి. చిన్నా చితకా సభల్ని కూడా కలుపుకుంటే ఊళ్లో జరిగే కచేరీలు వెయ్యికి పైచిలుకే. ఏ హాల్లోకి తొంగిచూసినా పాడే పాటల్లో పెద్ద వాటా తెలుగుదే. వినేవాళ్లలో తెలుగునాట నుంచి వచ్చినవాళ్ల వాటా ఎంతో ఎవరూ లెక్కపెట్టినట్టు లేదు. లెక్కపెట్టాలంటే మాత్రం కాలిక్యులేటర్ అక్కర్లేదు.

ఇదంతా రాజకీయంతో మొదలైంది. 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెస్ మహాసభ జరిగింది. అధ్యక్షుడు డాక్టర్ అన్సారీ. దాంతోపాటే ఒక అఖిల భారత సంగీత సభనూ పెట్టారు. కాంగ్రెస్ వాళ్లు సంపూర్ణ స్వాతంత్ర్యమే లక్ష్యమని తీర్మానించారు. సంగీతం వాళ్లు ఒక అకాడమీ ఉండాలని తీర్మానించారు. అకాడమీ మరుసటేడే, 1928లో వచ్చేసింది. స్వాతంత్ర్యానికి ఇంకో 19 ఏళ్లు పట్టింది. పేరున్న విద్వాంసుడి సాయంత్రం కచేరీకి ముందు వరసలో సీటు మాత్రం సామాన్యుడికి ఇంకా రావలసే ఉంది.

క్రిస్మస్‌కి కోర్టులూ కాలేజీలూ మూసేస్తారు. మైలాపూరు వకీళ్లకి తీరిక దొరుకుతుంది. డిసెంబరు అలా సంగీతానికి కలిసొచ్చింది. ఇంకో కారణం పంచాంగంలో ఉంది. మనకు ధనుర్మాసం, వాళ్లకు మార్గళి. పెళ్లి ముహూర్తాలుండవు. పెళ్లిళ్లు లేకపోతే పెళ్లి వంటవాళ్లకు పని ఉండదు. పనిలేని మహానుభావులు ఓ నెల్లాళ్లు సభల ఆవరణలో పందిరి వేసి క్యాంటీన్ పెడతారు. అందుచేత మొదటి సిఫార్సు క్యాంటీనే. చెన్నైవాళ్లు కూడా రహస్యంగా ఏమీ దాచుకోరు. ఏ సభలో ఎవరు పాడుతున్నారో కనుక్కున్నంత శ్రద్ధగా ఏ సభ క్యాంటీన్ ఈ ఏడు ఎవరు తీసుకున్నారో కనుక్కుంటారు. కచేరీల మీద సమీక్షలొచ్చినట్టే క్యాంటీన్ల మీదా వస్తాయి. నిజం చెప్పాలంటే వీటిలోనే విమర్శ కాస్త నిర్మొహమాటంగా ఉంటుంది. గాయకుడి శ్రుతి అటూ ఇటూ అయిందని రాయడానికి వెనకాడే కలం సాంబారు పలచబడిందని రాయడానికి క్షణం ఆలోచించదు.

అక్కడ అశోకా హల్వా అడిగి తినాలి. పెసరపప్పు మెత్తగా ఉడికించి, నెయ్యీ పంచదారా ధారాళంగా పోసి, నారింజ రంగు తేలేట్టు కలియబెట్టి, అరిటాకు ముక్క మీద గరిటెడు వేస్తారు. నోట్లో పెట్టుకున్నాక నమలాల్సిన పని ఉండదు. దీని పుట్టిల్లు తిరువయ్యారు. అంటే త్యాగయ్య కాపురమున్న ఊరే. ఆ ఊరు లోకానికిచ్చిన రెండు గొప్ప వస్తువులూ డిసెంబరులో ఒకే ఆవరణలో దొరుకుతాయన్నమాట. ఒకటి హాల్లోపల, ఒకటి బయట. రెండింటిలో దేనికి క్యూ ఎక్కువుంటుందో రాసి పాపం మూటగట్టుకోవడం ఎందుకు? కరోనా పుణ్యమా అని 2020లో సీజన్ ఆన్‌లైన్‌కి ఎక్కింది. ఇంట్లో కూర్చుని ఎవరి పాటైనా వినొచ్చు, ఏ సీటైనా ముందు వరసే. అయినా ఎవరికీ సీజన్ జరిగినట్టే అనిపించలేదు. అన్నీ ప్రసారం చేశారు గానీ హల్వా ప్రసారం చేసే ఉపాయం ఎవరికీ తట్టలేదు.

రెండో సిఫార్సు తని ఆవర్తనం. అరియకుడి రామానుజ అయ్యంగారు గత శతాబ్దపు తొలి సగంలో కచేరీకి ఒక పద్ధతి పెట్టారు. ముందు వర్ణం, తర్వాత చకచకా కొన్ని కృతులు, మధ్యలో నింపాదిగా ఒక పెద్ద రాగం, దాని వెనకాలే మృదంగం వాళ్లకూ ఘటం వాళ్లకూ విడిగా వాయించుకునే తని, ఆపైన తేలికపాటి తుక్కడాలు, చివర మంగళం. ఇవాళ్టికీ అందరూ ఆ బాటే. ఆయన చెప్పని అంశాన్ని ఒకదాన్ని శ్రోతలే చేర్చుకున్నారు. గాయకుడు పాట ముగించి మృదంగం వైపు చెయ్యి చూపించగానే హాల్లో సగం మంది లేస్తారు. పట్టుచీరలు సర్దుకుంటూ, మోకాళ్లు దాటుకుంటూ, "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అంటూ సాగే ఆ ఊరేగింపుకి వేదిక మీంచి ఆది తాళంలో వాద్య సహకారం అందుతూ ఉంటుంది. ముప్ఫై నలభై ఏళ్లు సాధన చేసిన మృదంగ విద్వాంసుడికి మద్రాసు రసికుల ముఖాలకంటే వీపులే ఎక్కువ పరిచయం. ఆయన మోరా వాయించి తీర్మానానికి వచ్చేసరికి ఊరేగింపు కాఫీ తాగి మళ్లీ వచ్చి కూర్చుంటుంది, చప్పట్లు కూడా గట్టిగానే కొడుతుంది. తెలుగు రసికుడు లేవకుండా కూర్చుంటే రెండు లాభాలు. గొప్ప లయ విన్యాసం వినొచ్చు. ముందు వరసల్లో ఖాళీ అయిన సీటు ఒకటి ఏరుకోవచ్చు.

ముందు వరసకు చేరాక అక్కడే ఓ కంట కనిపెట్టి చూడాల్సింది ఇంకొకటుంది. త్యాగరాజ కృతుల్లో ఒకటి కల్యాణి రాగంలో ఉంది. తంజావూరు రాజు పంపిన ధనకనకాలు వద్దని తిప్పి పంపినప్పుడు కట్టాడని సంప్రదాయంగా చెబుతారు. సీజన్ మొత్తంలో ఇది ఏదో ఒక సభలో వినబడకుండా పోదు. పాడేవారి వెనకాల గుడ్డ బ్యానరు ఉంటుంది. దాని మీద ఒక బ్యాంకు, ఒక నగల కొట్టు, ఒక పట్టుచీరల కొట్టు, ఒక అపార్ట్‌మెంట్ల కంపెనీ పేర్లు. ముందు రెండు వరసలూ దాతలకీ వాళ్ల బంధువులకీ కేటాయించినవి. గాయని కళ్లు మూసుకుని డబ్బెందుకయ్యా అని రాగం సాగదీసి అడుగుతుంటుంది. దాతలు కళ్లు మూసుకుని తల ఊపుతుంటారు. నెరవల్ ఎత్తుకుని అదే మాటని పదిసార్లు పదిరకాలుగా అడిగినా ఒక్కరికీ ఇబ్బంది అనిపించదు. ముగింపులో కార్యదర్శిగారు మైకు అందుకుని స్పాన్సర్లందరికీ పేరుపేరునా ధన్యవాదాలు చెబుతారు. త్యాగయ్యకు చెప్పరు. ఆయన చందా ఇవ్వలేదు.

రాగం కనిపెట్టే పందెం ప్రతి హాల్లోనూ జరుగుతుంది. దీనికి వేరే టికెట్ లేదు. గాయకుడు ఆలాపన ఎత్తుకోవడమే తరువాయి, వరసలంతా గుసగుసలు. పాట మొదలు, రాగం, తాళం, రాసినవారు అని వరసకట్టి అచ్చేసిన చిన్న పుస్తకాలు సంచుల్లోంచి బయటికొస్తాయి. ఈ మధ్య ఫోన్లు కూడా వస్తున్నాయి. దర్బారా, నాయకా అని పక్కపక్కనే కూర్చున్న ఇద్దరు రిటైర్డు ఆడిటర్లకి మాట పట్టింపు వస్తే అది ఆ పాటతో తేలదు, ఆ సీజన్‌తో కూడా తేలదు. రాగం పేరు తెలిసిన మరుక్షణం ఆలాపన మీద ఆసక్తి సగానికి పడిపోతుంది. పరీక్ష రాసేశాక ప్రశ్నపత్రం ఎవరు చదువుతారు?

తెలుగువాడికి అసలు పరీక్ష ఇక్కడే ఎదురవుతుంది. పక్క సీటులో మామి ఒకావిడ ఉంటుంది. డెబ్భై ఏళ్లుంటాయి. వేళ్లు ఒడిలో తాళం వేస్తుంటాయి. పాటంతా గాయకుడితోపాటు పెదవుల మీదే పాడుకుంటుంది. ఏడో ఏట పాట టీచరు దగ్గర నేర్చుకుంది. తమిళంలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం గనక, తేడా తెలియడానికి అక్షరాల పక్కన 1, 2, 3, 4 అంకెలు వేసి రాసుకున్న నోటుబుక్కు ఇంట్లో ఇప్పటికీ ఉంది. మనవాడు తెలుగువాడని తెలియగానే ఆవిడ ముఖం విప్పారుతుంది.

"మీరెంత పుణ్యం చేసుకున్నారండీ! అనుపల్లవిలో రాముణ్ణి ఏమని దెప్పుతున్నాడు త్యాగయ్య?"

మనవాడు గొంతు సవరించుకుంటాడు. "భక్తండీ. మొత్తమ్మీద అంతా భక్తే."

"అది సరేనండీ, ఆ రెండో మాటకి అర్థం?"

"అదీ భక్తేనండీ."

ఆవిడ మర్యాదస్తురాలు గనక మళ్లీ అడగదు. మనవాడి పిల్లలు కూడా తెలుగు పాటలు నేర్చుకుంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటారు. అంకెలు కూడా వెయ్యరు.

అర్థం కాని పాటలు ఎన్నాళ్లు వింటామని తమిళులు ఒకప్పుడు నిలదీసి అడిగారు. 1941లో అణ్ణామలై విశ్వవిద్యాలయంలో సభ పెట్టి, తమిళ గడ్డ మీద కచేరీల్లో తమిళం వెనకబడిపోయి తెలుగు, సంస్కృతం ముందుకొచ్చాయేమిటన్నారు. రాజా సర్ అణ్ణామలై చెట్టియార్ అండతో 1943లో మద్రాసులో తమిళ్ ఇసై సంగం వెలిసింది. అకాడమీ పక్షం వాళ్లకీ ఈ పక్షం వాళ్లకీ పత్రికల్లో పెద్ద వాగ్వాదం నడిచింది. సంగీతానికి భాషతో పనేమిటని ఒకరు, పనిలేకపోతే మా భాషే పాడొచ్చుగా అని ఇంకొకరు. రెండోవారి మాటలో న్యాయముంది. ఆ గొడవలో తెలుగువాళ్లు ఏ పక్షం వహించాలి? తమది గాని భాష అర్థం కావడం లేదని ఉద్యమం లేవదీసిన జాతి పక్కనే, తన భాష తనకు అర్థం కాకపోయినా ఇబ్బందిపడని జాతి ఒకటుందని అప్పట్లో ఎవరూ అనుకుని ఉండరు.

మనవాళ్లు వెళ్లలేదని కాదు. వెళ్లారు, గెలిచారు కూడా. అకాడమీ సమావేశాలకు ఏటా ఒక విద్వాంసుడు అధ్యక్షత వహిస్తారు, ఆయనకే సంగీత కళానిధి బిరుదు. ద్వారం వెంకటస్వామి నాయుడు 1941లో ఆ పీఠమెక్కారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1978లో, శ్రీపాద పినాకపాణి 1983లో, నేదునూరి కృష్ణమూర్తి 1991లో, ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా 1998లో, విజయనగరం బిడ్డ వయొలిన్ కన్యాకుమారి 2016లో. వీరిలో చాలామందికి తెలుగునాట పౌరసన్మానాలు మద్రాసులో పేరొచ్చాకే జోరందుకున్నాయి. మనవాడు గొప్పవాడని నమ్మాలంటే మనకు మద్రాసు ముద్ర కావాలి. ఆవకాయ కూడా ఇక్కడిది రుచి చూసి, బాగుందో లేదో పక్క రాష్ట్రం వాళ్లు చెప్పాక ఒప్పుకోవడం లాంటిది ఇది.

అకాడమీ కూడా గుర్తించడంలో తొందరపడే సంస్థ కాదు. ఆడవాళ్లలో తొలి సంగీత కళానిధిగా ఎం.ఎస్. సుబ్బులక్ష్మిని పీఠమెక్కించడానికి 1968 దాకా ఆగింది. అప్పటికి ఆవిడ ఐక్యరాజ్య సమితిలో పాడి రెండేళ్లయింది.

పాట లేకుండా కూడా రక్తి కట్టే కచేరీ కావాలంటే 2024 సీజన్‌ని గుర్తు చేసుకోవాలి. టి.ఎం. కృష్ణ సీజన్‌లో ఇక పాడనని 2015లో తప్పుకున్న మనిషి. బెసెంట్ నగర్ పక్కన ఊరూర్ ఆల్కాట్ కుప్పం అనే జాలరిపేటలో మొదలైన ఉత్సవం వెనక ఉన్నవాళ్లలో ఆయనొకరు. అలాంటాయనకు 2024 మార్చిలో సంగీత కళానిధి ప్రకటించేసరికి కొందరు పేరున్న విద్వాంసులు మేం ఈసారి అకాడమీలో పాడమన్నారు. సుబ్బులక్ష్మి పేరిట ఇచ్చే నగదు పురస్కారం సంగతి కోర్టుకెక్కి సుప్రీంకోర్టు దాకా నడిచింది. డిసెంబరు 25న కృష్ణ అకాడమీ వేదిక మీద పాడనే పాడారు. ఆ ఏడాది మొత్తం మీద ఏ రాగం ఎవరు బాగా పాడారో చెప్పమంటే చాలామంది తడుముకుంటారు గానీ, ఎవరు ఎవరికి రాసిన ఉత్తరంలో ఏముందో తాళం తప్పకుండా అప్పజెబుతారు. మార్చిలోనే ఆలాపన అందుకుని డిసెంబరు దాకా సాగిన కచేరీ అంతకుముందు లేదు.

ఇంతకీ నిజంగా వినాల్సిందేమిటని అడిగే ఛాందసులు ఉంటారు. వాళ్ల కోసం ఒక్క మాట. చాలా సభల్లో మధ్యాహ్నం కచేరీలకు టికెట్ ఉండదు. పాతికలోపు పిల్లలు పాడతారు. వెయ్యి మంది పట్టే హాల్లో అక్కడక్కడ విసిరేసినట్టు పాతిక మంది కూర్చుంటారు. వారిలో అమ్మానాన్నలు, గురువుగారు, గురువుగారి మిగతా శిష్యులు పోగా, ఏసీ కోసం వచ్చినవాళ్లు ఒకరిద్దరు. ఆ పిల్లకు ఇచ్చిన సమయం గంటన్నర. అందులోనే భైరవి పాడాలి, నెరవల్ చెయ్యాలి, స్వరాలు వెయ్యాలి, తనికి చోటివ్వాలి. పేరు ఇంకా రాలేదు గనక చేతిలో ఉన్న సరుకంతా పరిచేస్తుంది. సాయంత్రం పెద్దలు ముప్ఫై ఏళ్లుగా పాడుతున్న పాటనే జాగ్రత్తగా, గొంతు రేపటికి దాచుకుంటూ పాడతారు. ఈ పిల్లకు రేపు కచేరీ లేదు. తప్పు పాడితే పాడుతుంది, కానీ ఏడాదంతా దాచిన ఊపిరి ఆ గంటన్నరలో ఖర్చు చేసేస్తుంది. ఇవాళ సాయంత్రం టికెట్లు దొరకని పెద్దలంతా ఒకనాడు ఇలాంటి మధ్యాహ్నాల్లో ఇలాంటి ఖాళీ కుర్చీలకు పాడినవాళ్లే. ఈ కచేరీలు ఏ జాబితాలోనూ ఉండవు. ఉచితంగా దొరికేదాన్ని సిఫార్సు చేస్తే సిఫార్సు చేసినవాడి పరువేం కాను?

ఇంకా ఓపికుంటే అకాడమీలో పొద్దున ఎనిమిదింటికే మొదలయ్యే సోదాహరణ ప్రసంగాలకు వెళ్లొచ్చు. ఈసారి ఒక వక్త త్యాగరాజ కృతుల పాఠాంతరాల మీద మాట్లాడుతున్నారనుకుందాం. తమిళుడు, ఇంగ్లీషులో చెబుతాడు, తెలుగు గురించి. వాలాజాపేట శిష్యుల తాళపత్రాల్లో ఒక మాట ఎలా ఉంది, ఉమయాళపురం పాఠంలో ఎలా ఉంది, ఏది పెడితే యతి నిలుస్తుంది, ఏది పెడితే రాముడు తండ్రవుతాడు, ఏది పెడితే మేనమామవుతాడు అని తెర మీద వేసి మరీ చూపిస్తాడు. కిందున్న పెద్దలు నోటుబుక్కుల్లో రాసుకుంటుంటారు. చివర్లో ప్రశ్నలడగమంటారు. సభలో ఉన్న ఒకే ఒక్క తెలుగువాడు లేచి నిలబడగానే వక్త ముఖం వెలిగిపోతుంది, ఇన్నాళ్లకు మూలభాష మాట్లాడే మనిషి దొరికాడని మైకు పరుగున తెప్పిస్తారు. మనవాడు మైకు పక్కకు జరిపి, అది తెచ్చిన కుర్రాణ్ణే మెల్లగా అడుగుతాడు: "బాబూ, రెండింటికి బెజవాడ బండి ఉంది. ఇక్కణ్ణుంచి సెంట్రల్‌కి ఆటోలో ఎంతసేపు పడుతుంది?"